సినిమా హాల్‌లో మన ‘హాల్’ ఏదీ?



ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు ఖవాయిద్ పాఠం గుర్తుంటుంది. కాలాలు మూడు: మాజీ, హాల్, ముస్తక్‌బిల్. గడిచింది, నడుస్తున్నది, రాబోయేది. ఈ నాలుగైదేళ్లలో వచ్చిన తెలుగు సినిమాలను ఆ మూడు గళ్లలో వేసి చూడండి. మాజీ సినిమాలో మనం ఖాతిల్. ముస్తక్‌బిల్ సినిమాలో మనం ఒక పేరు. హాల్ సినిమాలో అసలు గైర్‌హాజిర్.

మొదటి గడి గురించే అందరూ మాట్లాడతారు. టీవీ చర్చలు, వాట్సాప్ గ్రూపుల్లో గుస్సా, బహిష్కరణ పిలుపులు అన్నీ దాని చుట్టూనే. నా షికాయత్ మూడో గడి మీద. హాల్ అంటే వర్తమాన కాలమే కాదు, మన పరిస్థితి కూడా. ‘క్యా హాల్ హై’ అని రోజూ ఒకరినొకరు అడుగుతాం. ఆ మాట తెలుగు సినిమా మనల్ని ఎన్నడూ అడగలేదు. మనల్ని విలన్‌గా చూపడం జుల్మే. పక్కింట్లో ఉన్న మనిషిని అసలు లేనట్టు చూపడం అంతకంటే పెద్ద జుల్మ్ అంటాను నేను. ఎందుకో చెబుతాను.

ముందు మాజీ సంగతి.

2024 మార్చి 15న ‘రజాకార్’ వచ్చింది. యాటా సత్యనారాయణ తీశారు. రజాకార్లు జుల్మ్ చేయలేదని నేను అనను. చేశారు. ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. దాన్ని సమర్థించేవాడు నాకు దోస్త్ కాడు. కానీ అదే 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో షోయబుల్లా ఖాన్ అనే నౌజవాన్‌ను నరికి చంపారు. ఆయన ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక ఎడిటర్. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు, రాసిన చేతినే నరికారు. ఉర్దూలో రాసే ముసల్మాన్ జర్నలిస్టు రజాకార్లను ఎదిరించి షహీద్ అయ్యాడు. అంతకు ముందే, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుల్లో కొట్లాడిన షేక్ బందగీని చంపేశారు. తెలంగాణ రైతుల పోరాటం ఈయన నెత్తుటితో మొదలైందని చెప్పుకుంటారు. షోయబ్‌నో బందగీనో హీరోగా పెట్టి ఒక పెద్ద సినిమా ఎందుకు రాలేదు? పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది ముసల్మాన్‌లు. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దాని మీద సినిమా ఎక్కడ?

మాజీని అబద్ధం లేకుండా చూపించడం తెలుగు సినిమాకు చేతకాదని కాదు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ ఉంది కదా. ఆ సినిమాకు ఆధారం కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన నావెల్. తెలంగాణ రైతు పోరాటం మీద తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే సినిమాకు కథ ఉర్దూ నుంచి వచ్చింది. అప్పట్లో ఆ జబాన్ ఎవరికీ పరాయిది కాలేదు.

కడప జిల్లావాళ్లకు ఇందులో ఇంకో తమాషా ఉంది. నిజాం 1800లోనే మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించేశాడు. అందుకే ‘సీడెడ్’ అన్నారు. 1948లో మన చాపాడు, ప్రొద్దుటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఖాసిం రజ్వీ రాజ్యం ఇక్కడ లేదు. అయినా ఆ సినిమా వచ్చినప్పుడు చూపులు మన టోపీల మీద కూడా పడ్డాయి. సినిమా వ్యాపారంలో ఇప్పటికీ మన ప్రాంతం పేరు సీడెడే. ‘సీడెడ్‌లో ఇన్ని కోట్లు’ అని పోస్టర్లు వేస్తారు. ఆ కోట్లలో మన పిల్లల టికెట్ పైసలూ ఉన్నాయి. లెక్కలో ఉన్నాం, కథలో లేం.

ఇక ముస్తక్‌బిల్.

2024 జూన్ 27న నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. గంగ ఎండిపోయింది. లోకంలో చివరి నగరంగా కాశీ మిగిలింది. దాని మీద కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్. లోపలున్నవాళ్లకు నీళ్లు, పచ్చదనం, తిండి. కిందున్నవాళ్లకు దుమ్ము. లోపలికి పోవాలంటే యూనిట్లు కూడబెట్టాలి. ఈ జుల్మ్‌ను ఎదిరించేవాళ్లు శంబలలో దాక్కుని ఉంటారు. అక్కడి పెద్ద దిక్కు పేరు మరియమ్, ఆ పాత్ర శోభన వేసింది. రాజేంద్రప్రసాద్ వేసిన పాత్ర పేరు రూమీ. మరియమ్ మనకూ క్రైస్తవులకూ ఇద్దరికీ సొంత పేరు. రూమీ ఎవరి పేరో చెప్పక్కర్లేదు. సినిమా వచ్చిన ఏడాది నుంచి 874 ఏళ్ల తర్వాత కూడా ఆ పేర్లు బతికి ఉంటాయని ఒక తెలుగు డైరెక్టర్ అనుకున్నాడు. షుక్రియా. మనస్ఫూర్తిగానే అంటున్నా.

అయితే రూమీ ఎవరి కొడుకు, ఇంట్లో ఏ జబాన్ మాట్లాడతాడు, మరియమ్ ఏ ఖాందాన్ నుంచి వచ్చింది? కథకు వాటి అవసరం లేదు. పేరు మిగిలింది, ఇల్లు మిగల్లేదు.

భయంకరమైన భవిష్యత్తు కథలు ఎవరైనా ఎందుకు రాస్తారు? 2898లో ఏమవుతుందో చెప్పడానికి కాదు. ఇవాళ కొంచెంగా ఉన్నదాన్ని పెద్దది చేసి చూపడానికి. ఇవాళ బోరు ఎండితే రేపు గంగే ఎండుతుంది అని చెప్పడానికి. ప్రయాగ్ అక్బర్ నావెల్ మీద 2019లో హిందీలో వచ్చిన ‘లీలా’ సిరీస్ ఆ పని చేసింది. అందులో మనుషుల మధ్య గోడలు కడతారు. ముసల్మాన్‌ను నిఖా చేసుకున్న ఒక తల్లి నుంచి బిడ్డను లాక్కుంటారు. మన తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు నీళ్లు ఎండిపోతాయన్న ఖౌఫ్ ఉంది. పక్కింటికీ మనింటికీ మధ్య గోడ లేస్తుందన్న ఖౌఫ్ లేదు. ఇల్లు అద్దెకు అడిగితే పేరు విని ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అనిపించుకున్న ప్రతి కుటుంబానికీ ఆ గోడ తెలుసు. దానికోసం 2898 దాకా ఆగనక్కర్లేదు.

ఈ రెండు కాలాల మధ్య మనకు కేటాయించిన నౌకరీలు కొన్ని ఉన్నాయి. ఒకటి, వఫాదారీ నిరూపించుకునేవాడు. 2002లో కృష్ణవంశీ ‘ఖడ్గం’లో ప్రకాశ్ రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అమ్జద్ చూడండి. తమ్ముడు టెర్రరిస్టు అయితే, అన్న తన దేశభక్తిని అందరి ముందూ చాటుకోవాలి. మనసున్న పాత్రే, నేనూ ఏడ్చాను. కానీ ఆ ఇమ్తెహాన్ అమ్జద్‌కు మాత్రమే ఎందుకు? రెండోది, సుర్మా పెట్టుకుని ‘నీకీ నాకీ’ అంటూ విరిగిన తెలుగు మాట్లాడే గూండా. నేను ఉర్దూ బడిలో చదివాను, తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. నా తెలుగు మా ఊరి తెలుగే. ‘యాడికి పోతాండావు’ అనే నేనూ అంటాను, మా పక్కింటి రెడ్డీ అంటాడు. సినిమాలో మాట్లాడే ఆ తెలుగు నేను మా జిల్లాలో ఎవరి నోటా వినలేదు.

మూడోది నఖాబ్. దీన్ని జాగ్రత్తగా చూడండి. 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీమ్ అఖ్తర్ అనే పేరుతో తిరుగుతాడు. 2020లో ఆ టోపీ టీజర్ రాగానే ఎంత రభస అయిందో గుర్తుందిగా. అదే 2022లో ‘సీతారామం’లో సీతామహాలక్ష్మి అనుకున్న అమ్మాయి నిజానికి నూర్జహాన్ షెహజాదీ. నాకు బాగా నచ్చిన సినిమా అది. కానీ రెండూ పక్కపక్కన పెట్టండి. ఒక దాంట్లో ముసల్మాన్ పేరు వేసుకుని తీసేసే వేషం. ఇంకో దాంట్లో ముసల్మాన్ అమ్మాయే వేరే పేరు కప్పుకుని ప్రేమించాలి. పైగా ఆమె షెహజాదీ, మహల్‌లో ఉంటుంది. మన ఇళ్లల్లో మహళ్లెక్కడివి? ప్రొద్దుటూరులో టైలర్ షాపు, మార్కెట్‌లో పండ్ల బండి, కేసీ కెనాల్ కింద రెండెకరాల కౌలు. మన సల్తనత్ అంతే.

ఇప్పుడు హాల్‌కు వద్దాం. అసలు బాధ ఇక్కడే.

2025 జనవరి 14న అనిల్ రావిపూడి ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చింది. మన ఇళ్ల ఆడవాళ్లూ పిల్లల్ని తీసుకుని పోయి నవ్వి నవ్వి వచ్చారు. 2024లో ‘35 చిన్న కథ కాదు’ వచ్చింది. లెక్కలు రాని తిరుపతి పిల్లాడు, వాడి తల్లి. ఆ తల్లి బాధ మన అమ్మీలకు అర్థం కాలేదా? ఇక 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాను తెలంగాణ ఊళ్లల్లో తెర కట్టి చూశారు. ముసలాయన పోతాడు. పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. బావా బావమరిది ఎప్పుడో దావత్‌లో నల్లి బొక్క కాడ మాట పట్టించుకుని ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోరు.

నల్లి బొక్క! ఇది మన కథ కాదని ఎవరైనా అంటారా? వలీమాలో నల్లి తనకు వడ్డించలేదని దామాద్ అలిగి వెళ్లిపోయిన కథ ప్రతి ఖాందాన్‌లో ఒకటి ఉంటుంది. మనకు పిండం లేదు, కాకి లేదు. అయినా ఏడ్చాం. అన్నదమ్ములు, ఆడబిడ్డ, పోయినోడి మనసులో మిగిలిన కోరిక, ఇవి ఏ మజహబ్‌కూ సొంతం కావు. మరి నా సవాల్ ఇదే. కాకి ముట్టే కథకు మనం ఏడవగలిగినప్పుడు, మన చాలీస్వాఁ కథకు వాళ్లు ఏడవరా? నలభయ్యో రోజు ఫాతిహాకు కువైట్ నుంచి రాలేకపోయిన కొడుకు, ఫోన్‌లో దువా వింటూ కూర్చున్న కథకు?

మన ఇళ్లల్లో కథలు లేవా? కడప జిల్లా నుంచి కువైట్‌కు ఖద్దామా పనికి పోయే తల్లులు ఎందరు! వాళ్ల పిల్లల్ని నానీ పెంచుతుంది. తల్లి వచ్చేసరికి బిడ్డ కొత్త మనిషిని చూసినట్టు నానీ వెనకాల దాక్కుంటుంది. కథ కాదా? జోడే కీ రకం కుదరక నిఖా తప్పిపోయిన బీటెక్ అమ్మాయి. కథ కాదా? కొడుకును ఇంగ్లీష్ మీడియంలో వేద్దామన్న తల్లి, ఉర్దూ చచ్చిపోతుందని గొణిగే దాదా. కథ కాదా? మనం దాచిపెట్టుకునే కథ ఇంకొకటి ఉంది. సయ్యద్‌ల ఇంటి పిల్ల, దూదేకుల ఇంటి పిల్లాడు ఒకరినొకరు ఇష్టపడితే మసీదులో ఒకే సఫ్‌లో నిలబడే పెద్దలు ఇంటికొచ్చి ఏం మాట్లాడతారు? అది తీస్తే ముందు మనకే మండుతుంది. మండనీ. ఇంటి కథ అంటే అదే.

కువైట్ కథ తీయడం కుదరదని అనొద్దు. 2024లో మలయాళంలో బ్లెస్సీ ‘ఆడుజీవితం’ తీశాడు. సౌదీ ఎడారిలో చిక్కుకుపోయిన నజీబ్ అనే ముసల్మాన్ కూలీ కథ. తెలుగులో ‘ది గోట్ లైఫ్’ అని డబ్ చేశారు. మన జిల్లా బాధను మనం మలయాళీ నోటి నుంచి విన్నాం. వాళ్లు అక్కడితో ఆగలేదు. 2018లో ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’: మలప్పురంలో ఫుట్‌బాల్ టీమ్ నడిపే మజీద్, దెబ్బ తగిలి మంచాన పడ్డ ఆఫ్రికా ఆటగాడు, వాడిని కొడుకులా చూసుకునే ఇద్దరు ముసలి తల్లులు. ఆ సినిమాలో ముసల్మాన్‌లు ఏమీ నిరూపించుకోరు. వండి పెడతారు, అలుగుతారు, అంతే. దానికి నేషనల్ అవార్డు వచ్చింది. 2024 కేరళ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ‘ఫెమినిచి ఫాతిమా’: కొత్త పరుపు కొనుక్కోవాలనుకున్న ఒక ఇల్లాలి కథ. పరుపు! అంత చిన్న సంగతి మీద సినిమా నిలబడింది.

‘కేరళలో మీవాళ్లు ఎక్కువ, ఇక్కడ మార్కెట్ లేదు’ అంటారు. 2011 జనగణన ప్రకారం కేరళలో ముసల్మాన్‌లు 26.5 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9.5 శాతం. నిజమే, తక్కువ. కానీ ఆ తొమ్మిదిన్నర శాతం అంటే 80 లక్షల మంది. పైగా తిరుపతి బాపనింటి కథ బాపనోళ్లే చూశారా? కరీంనగర్ పల్లె కథ కరీంనగర్ వాళ్లే చూశారా? 2022లో ‘అంటే సుందరానికీ’ బాపనింటినీ క్రైస్తవుల ఇంటినీ పక్కపక్కన పెట్టి నవ్వించింది. క్రైస్తవ అమ్మాయిగా వేసింది నజ్రియా నజీమ్. ‘సీతారామం’లో రామ్ ఎవరు? దుల్కర్ సల్మాన్. ‘లక్కీ భాస్కర్’లో భాస్కర్ ఎవరు? మళ్లీ దుల్కరే. తెలుగు ప్రేక్షకుడు సల్మాన్ పేరున్న మనిషిని రామ్‌గా గుండెల్లో పెట్టుకున్నాడు. అంటే తకరార్ ప్రేక్షకుడిది కాదు. కథ రాసే గదిలోనే ఏదో అటకాయించింది.

‘మీ గురించి తీస్తే మీవాళ్లే గొడవ చేస్తారు’ అని ఇంకో మాట. 2013లో ‘విశ్వరూపం’ గొడవను చూపిస్తారు. ఒప్పుకుంటా. కానీ టెర్రరిస్టు సినిమా మీద గొడవ చేసినవాళ్లు పరుపు కొనుక్కునే ఫాతిమా మీద ఎందుకు చేస్తారు? ఒకవేళ చేస్తే, అప్పుడు ఫాతిమా వైపు నిలబడేవాళ్లూ మనలోనే ఉంటారు.

మూడో మాట మంచివాళ్లు అంటారు: ‘మేం మత సామరస్యం చూపిస్తున్నాం కదా.’ దర్గాలో చాదర్ కప్పే రెండు నిమిషాల పాట, పక్కన గుడి గంట. మాకు అది వద్దు భాయ్. మన జిల్లాలో ఉన్న సామరస్యం పోస్టర్ కాదు, రోజువారీ బతుకు. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముసల్మాన్‌లు పోతారు. బీబీ నాంచారి మా ఇంటి బిడ్డ, ఆయన మా అల్లుడు అంటారు. 2024 నవంబరులో ఏఆర్ రెహమాన్‌కు ఇచ్చిన మాట కోసం రామ్‌చరణ్ కడప అమీన్‌పీర్ పెద్ద దర్గాకు వచ్చాడు, అయ్యప్ప మాలలోనే. సోషల్ మీడియాలో తిట్టారు. కడపలో అది వింతా? ఆ రోజున అయ్యప్ప మాల వేసుకున్న ఒక కుర్రాడు, వాడి ముసల్మాన్ దోస్త్, వాళ్ల ఇళ్లల్లో జరిగిన మాటలు. ఇదే ఒక పూర్తి సినిమా. సామరస్యం చూపక్కర్లేదు, మా ఇంట్లో తగాదా చూపండి చాలు. తగాదా పడే మనిషినే ప్రేక్షకుడు సొంతం చేసుకుంటాడు.

సీమవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’ వచ్చిన రోజుల్లో కడప అంటే సుమోలు, బాంబులు. ఎక్కడికి పోయినా అదే జోక్. హిందువు గానీ ముసల్మాన్ గానీ, మన జిల్లా మనిషి ముఖం మీద ఆ ముద్ర పడింది. మనకైతే డబల్: సీమవాడు అంటే నాటు బాంబు, ముసల్మాన్ అంటే ఇంకో రకం బాంబు. సీమ రచయితలు, చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకున్నారు. 2018లో ‘అరవింద సమేత’ వచ్చేసరికి ఫ్యాక్షన్‌లో మగాళ్లు పోయిన ఇళ్లల్లో ఆడవాళ్ల బాధ కాస్త తెర మీదికొచ్చింది. అంటే అడిగితే మారుతుంది. అలిగి కూర్చుంటే మారదు.

ఇక మన ఇంటి సంగతి. సినిమా హరామా హలాలా అన్న బహస్‌లో నేను దిగను, అది ఆలిమ్‌లు చూసుకుంటారు. నేను చూస్తున్నది ఏమిటంటే, ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, ప్రతి ఫోన్‌లో సినిమా ఉంది. చూడటానికి అభ్యంతరం లేదు. పిల్లాడు ‘నేను డైరెక్షన్ కోర్సు చేస్తా’ అంటేనే ఇంట్లో ఖయామత్. అమ్మాయి ‘కథలు రాస్తా’ అంటే ‘ముందు నిఖా కానీ’. తెర మీద మనల్ని తిడితే జులూస్ తీస్తాం. తెర మీద మనం లేకపోతే ఎవరికీ తెలియదు, మనకు కూడా.

రాసేవాళ్లు లేరా? ఉన్నారు. మన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ప్రొద్దుటూరు దాదా హయత్ ఉన్నారు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ చదివి నవ్వని తెలుగువాడు ఉన్నాడా? ఆ పుస్తకాల్లో ముసల్మాన్ ఇల్లు నిండుగా ఉంది: వంటిల్లు, అప్పులు, అమ్మీ తిట్లు, ఈద్ బట్టలు. తెలుగు పాఠకుడు వాటిని నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పుస్తకాల నుంచి తెరకు అడుగు దూరం. ఆ అడుగు వేయించాల్సినవాళ్లు నిర్మాతలు, వాళ్లను అడగాల్సినవాళ్లం మనం.

ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. తెలుగు సినిమాకు ఇంటి కథ నేర్పినవాళ్లలో మన జిల్లావాళ్లే ముందున్నారు. బీఎన్ రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లావాళ్లు. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1955లో ‘మిస్సమ్మ’ తీశారు. ఉద్యోగం కోసం ఒక హిందూ కుర్రాడు, మేరీ అనే అమ్మాయి భార్యాభర్తల్లా నటిస్తారు. చివరికి మేరీ తప్పిపోయిన మహాలక్ష్మే అని తేల్చి కథను సర్దేశారు, అది వేరే సంగతి. కానీ డెబ్బై ఏళ్ల కిందటే ఒక క్రైస్తవ ఇంటిని, మేరీని పెంచిన తల్లిదండ్రుల మంచితనాన్ని తెర మీదికి తెచ్చే హిమ్మత్ వాళ్లకు ఉంది. ఇవాళ వందల కోట్లు పెట్టి 2898ని కట్టేవాళ్లకు ప్రొద్దుటూరులో ఒక ముసల్మాన్ వంటిల్లు సెట్ వేయడం కష్టమా?

డైరెక్టర్ సాబ్‌లకు నా దర్ఖాస్త్ ఒక్కటే. మాకు మంచి ముసల్మాన్ పాత్ర వద్దు, చెడ్డ ముసల్మాన్ పాత్రా వద్దు. ఒక ముసల్మాన్ ఇల్లు ఇవ్వండి. అందులో మంచోళ్లూ చెడ్డోళ్లూ అందరూ ఉంటారు.

మన ఇళ్లకు నా దర్ఖాస్త్ ఇంకోటి. మీ బిడ్డ ఫోన్‌లో వీడియో తీస్తానంటే, కథ రాస్తానంటే ఆపకండి. కువైట్‌లో ఉన్న తల్లి జుమ్మా రోజు వీడియో కాల్ చేస్తే, ఇక్కడ బిడ్డ ఎత్తకుండా నానీ చేతికి ఫోన్ ఇచ్చేస్తుంది కదా. ఎందుకు ఎత్తదో హైదరాబాద్ స్టూడియోలో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో తెలుసు.